మన ఫైలును మనం కాక ఇంకెవరు రాస్తున్నారు?

ప్రశ్న: కొన్నేళ్లుగా ఒక పెద్ద లినక్స్ డిస్ట్రో వాడుతున్నాను. వెబ్‌సైట్ పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ సర్వర్‌ను మార్చుకుందామని, సెట్టింగు ఫైళ్లుండే ఈటీసీ డైరెక్టరీలోని రిజాల్వ్ డాట్ కాన్ఫ్‌లో ఒక లైను రాస్తే, రీబూట్ అయ్యేసరికి అది మాయమవుతోంది. ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. అప్‌గ్రేడ్ చేసిన ప్రతిసారీ ఏదో ఒక సెట్టింగు చోటు మారుతోంది. నేను రాసింది రాసినట్టు ఉండే, టెక్స్ట్ ఫైళ్లతో నడిచే సాదా సిస్టమ్‌కు వెళ్లాలనుంది. ఓపెన్‌బీఎస్‌డీ, స్లాక్‌వేర్, వాయిడ్, ఆల్పైన్, ఆర్చ్ పేర్లు విన్నాను. ఏది పెట్టుకోమంటారు? ఉన్నది ఒకే ల్యాప్‌టాప్, ఆఫీసు పనీ దానిమీదే. ఇదంతా పనిలేనివాళ్ల సరదా అని మా స్నేహితుడు ఎగతాళి చేస్తున్నాడు.

సమాధానం: ఏది పెట్టుకోవాలో తర్వాత చూద్దాం. ముందు ఆ మాయమైన లైను సంగతి తేలాలి. అది తేలితే మీకు నిజంగా కావలసిందేమిటో కూడా తేలుతుంది.

టెర్మినల్‌లో ఎల్ఎస్ హైఫన్ ఎల్ కొట్టి ఆ ఫైలును చూడండి. చాలా డిస్ట్రోల్లో అది అసలు ఫైలే కాదు, రన్ డైరెక్టరీలోని ఇంకో ఫైలుకు వేసిన సింబాలిక్ లింకు, అంటే అసలు ఫైలు ఎక్కడుందో చూపే గుర్తు. రన్ డిస్కు మీద ఉండదు, ర్యామ్‌లో ఉంటుంది. మెషిన్ ఆగితే అందులోదంతా పోతుంది. లింకు సిస్టమ్‌డీ (బూట్‌నూ సర్వీసులనూ నడిపే ప్రోగ్రాముల సముదాయం) వైపు వెళ్తూ, లోపల 127.0.0.53 అనే చిరునామా కనిపిస్తే రాస్తున్నది దానిలోని డీఎన్‌ఎస్ భాగమైన సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ. మామూలు ఫైలే అయి, పై లైన్లో నెట్‌వర్క్‌మేనేజర్ పేరుతో కామెంటు ఉంటే ఆ పని నెట్‌వర్క్‌మేనేజర్‌ది. నెట్‌వర్క్ నుంచి చిరునామా తెచ్చే డీహెచ్‌సీపీసీడీ అయితే తన గుర్తు తాను వదులుతుంది. వైఫైకి కలిసిన ప్రతిసారీ వీటిలో ఒకటి ఆ ఫైలును మొదటినుంచీ తిరగరాస్తుంది. మీరు రాసిన లైనులో తప్పేమీ లేదు, రాసిన చోటే వేరు.

దీనికి చాలామంది చెప్పే చిట్కా చాటర్ ప్లస్ ఐ, అంటే ఫైలును రూట్ కూడా మార్చలేకుండా బిగించేయడం. వద్దు. రాసే ప్రోగ్రామ్ రాయలేక లాగ్‌లో ఎక్కడో గొణుగుతుంది, మీకు కనబడదు. ఆర్నెల్ల తర్వాత ఏ హోటల్ వైఫైకో కలిసి, లాగిన్ పేజీ ఎందుకు రావడం లేదో అర్థంకాక కూర్చుంటారు. రాసేవాడిని ఆపడమే సరైన మార్గం. నెట్‌వర్క్‌మేనేజర్ కాన్ఫ్ ఫైల్లో మెయిన్ విభాగం కింద డీఎన్‌ఎస్ ఈక్వల్స్ నన్ అని పెడితే అది ఆ ఫైలు జోలికి రాదు. డీహెచ్‌సీపీసీడీ కాన్ఫ్‌లో నోహుక్ తర్వాత రిజాల్వ్ డాట్ కాన్ఫ్ అని రాస్తే అదీ మానేస్తుంది. రిజాల్వ్‌డీ ఉంటే ఆ సర్వీసును ఆపి, లింకును తీసేసి, మామూలు ఫైలు పెట్టాలి.

సాదా సిస్టమ్ అంటే ఇదే. చిన్నదీ పాతదీ కష్టమైనదీ అని కాదు, ఒక్కో సెట్టింగును రాసే చెయ్యి ఒక్కటే ఉన్నది. ఏ ఫైలును చూసినా ఇది ఎవరు చదువుతారు, ఎప్పుడు చదువుతారు, నేను కాక ఇంకెవరు రాస్తారు అని అడిగితే నిమిషంలో జవాబు దొరకాలి. ఈ కొలతతో చూస్తే మీరు చెప్పిన ఐదూ ఒక్క తరహావి కావు.

ఆర్చ్‌ను చేత్తో ఇన్‌స్టాల్ చేస్తాం కాబట్టి అది సాదా అనుకుంటారు. చేత్తో పెట్టేది పునాది వరకే. 2012 నుంచి అందులో నడిచేది సిస్టమ్‌డీయే. మీ లైనును మింగేసిన ప్రోగ్రామును అక్కడ మీరే ఎంచుకుని, మీ చేత్తోనే ఆన్ చేస్తారు, తేడా అంతే. మంచి డిస్ట్రోనే, కానీ మీ ఫిర్యాదుకు మందు కాదు. పైగా రోలింగ్, అంటే విడుదలలంటూ లేకుండా నిత్యం అప్‌డేట్ అయ్యేది కనుక సెట్టింగులు చోటు మారడం ఆర్నెల్లకోసారి కాకుండా వారంవారం కొద్దికొద్దిగా జరుగుతుంది.

స్లాక్‌వేర్ 1993 నుంచి ఉంది. ఈటీసీ కింద ఆర్‌సీ డాట్ డీ అనే డైరెక్టరీలో షెల్ స్క్రిప్టులు ఉంటాయి. స్క్రిప్టుకు ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉంటే బూట్‌లో ఆ సర్వీసు లేస్తుంది, తీసేస్తే లేవదు. ప్రింటింగ్ వద్దనుకుంటే ఆర్‌సీ డాట్ కప్స్ మీద సీహెచ్‌మోడ్ మైనస్ ఎక్స్ కొడితే సరి. బూట్‌లో సర్వీసులను లేపే ఏర్పాటును ఇనిట్ అంటారు. ఇంతకంటే తేటగా చెప్పగలిగిన ఇనిట్ ఇంకోటి లేదు. కానీ దాని ప్యాకేజీ పనిముట్లు డిపెండెన్సీలు చూడవు. ఏదైనా తీసేస్తే దానిమీద ఆధారపడ్డది ఏదో పడిపోతుంది, ఎవరూ హెచ్చరించరు. అందుకే మొత్తం ఇన్‌స్టాల్ చేసి, ఏదీ తీయకుండా వాడమని అక్కడి పెద్దలు చెబుతారు. బయటి ప్రోగ్రామ్ లేవకపోతే ఎల్‌డీడీ కొట్టి, నాట్ ఫౌండ్ అని వచ్చిన లైబ్రరీని వెతుక్కోవాలి. ఇంకో గొయ్యి కూడా ఉంది. పాత పద్ధతి బయోస్ మెషిన్లలో లైలో బూట్‌లోడర్ కెర్నల్‌ను పేరుతో కాక డిస్కు మీద అది ఉన్న బ్లాకులతో గుర్తుపెట్టుకుంటుంది. కెర్నల్ అప్‌గ్రేడ్ చేసి లైలో కమాండ్ మళ్లీ కొట్టడం మరిస్తే, ఆ బ్లాకుల్లో ఇప్పుడేముంటే దాన్నే ఎక్కించబోయి బూట్ ఆగుతుంది. విడుదలలూ ఓపిగ్గా వస్తాయి: 14.2 వచ్చింది 2016లో, 15.0 వచ్చింది 2022లో. ఆ నిదానం మీకు ఇష్టమో కాదో మీరే చెప్పాలి.

ఆల్పైన్ చూడముచ్చటగా ఉంటుంది. మీరు అడిగి పెట్టించుకున్న ప్యాకేజీల పేర్లన్నీ ఈటీసీ ఏపీకే వరల్డ్ అనే ఒక్క టెక్స్ట్ ఫైల్లో ఉంటాయి. ఏపీకే ఆడిట్ కొడితే ఈటీసీలో ఏయే ఫైళ్లు మారాయో చెబుతుంది. సర్వర్‌కైతే రెండో ఆలోచన అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌కు అడ్డం వచ్చేది ప్రోగ్రాములన్నీ ఆధారపడే దాని సీ లైబ్రరీ మజిల్. చాలా డిస్ట్రోలు వాడే జీలిబ్‌సీ కోసం కట్టిన బైనరీలు దానిమీద నేరుగా నడవవు. ఆఫీసు వీపీఎన్ క్లయింటు, మీటింగ్ యాప్ లాంటివి సోర్సు ఇవ్వకుండా బైనరీలుగానే వస్తాయి కదా, అక్కడ ఆగిపోతారు.

మిగిలినవి వాయిడ్, ఓపెన్‌బీఎస్‌డీ. మీకు మా సిఫారసు ఈ రెండింటి మధ్యే, ఏదన్నది మీ హార్డ్‌వేర్ నిర్ణయిస్తుంది. ఇప్పుడున్న సిస్టమ్‌లోనే ఎల్ఎస్‌పీసీఐ హైఫన్ కే కొట్టి వైఫై, గ్రాఫిక్స్, సౌండ్ చిప్పుల పేర్లు, వాటికి తగులుకున్న డ్రైవర్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఎన్విడియా గ్రాఫిక్స్ ఒక్కటే ఉన్న మెషిన్ అయితే ఓపెన్‌బీఎస్‌డీ ఊసే వద్దు, దానికి యాక్సిలరేషన్ డ్రైవర్ లేదు. బ్లూటూత్ హెడ్‌సెట్ లేకపోతే మీటింగులు నడవవంటే కూడా అంతే. ఆ సిస్టమ్‌లోంచి బ్లూటూత్ కోడ్‌ను 2014లోనే తీసేశారు. విండోస్ ప్రోగ్రాములను నడిపే వైన్ లేదు, ఇది లినక్స్ కాదు కనుక లినక్స్ బైనరీలూ నడవవు. ఇవేవీ అడ్డం కాకపోతే, కాగితం మీది పేర్లు దాని మ్యాన్ పేజీల్లో (సిస్టమ్‌తో వచ్చే మాన్యువల్‌లో) కనిపిస్తే, మీరడిగిన తరహా సిస్టమ్ అంత శుభ్రంగా ఇంకెక్కడా దొరకదు. కెర్నల్, ఫైర్‌వాల్, మెయిల్ సర్వర్, మాన్యువల్ అన్నీ ఒకే బృందం ఒకే చోట రాస్తుంది. ఆర్నెల్లకో విడుదల. ఒక్కో విడుదలకు ఏడాది పాటు ప్యాచ్‌లు వస్తాయి.

ఓపెన్‌బీఎస్‌డీలో వైఫై ఎలా పెడతారో చూస్తే ఆ తీరు అర్థమవుతుంది. చిప్పు డ్రైవర్ పేరు ఐడబ్ల్యూఎక్స్ అనుకుందాం. ఈటీసీలో హోస్ట్‌నేమ్ డాట్ ఐడబ్ల్యూఎక్స్0 అనే ఫైలు పెట్టి, అందులో రెండు లైన్లు రాయాలి: జాయిన్ అని నెట్‌వర్క్ పేరు, డబ్ల్యూపీఏకీ అని పాస్‌వర్డు ఒక లైన్లో, ఇనెట్ ఆటోకాన్ఫ్ అని రెండో లైన్లో. ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి ఉంటే జాయిన్ లైన్లు రెండు. పాస్‌వర్డు అక్షరాలా అందులోనే ఉంటుంది కనుక పర్మిషన్ 640 ఉండాలి. ఎస్‌హెచ్‌తో ఈటీసీ నెట్‌స్టార్ట్ కొడితే అమలవుతుంది. సర్వీసుల కోసం ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌ను తాకకూడదు. అది సిస్టమ్ సొత్తు, అప్‌గ్రేడ్‌లో మారుతుంది. మీ మాటలన్నీ ఆర్‌సీ డాట్ కాన్ఫ్ డాట్ లోకల్‌లో ఉంటాయి. ఆర్‌సీసీటీఎల్ ఎనేబుల్ అంటే ఆ ఫైల్లో ఒక లైను చేరుతుంది, డిజేబుల్ అంటే పోతుంది. కావాలంటే చేత్తో కూడా రాసుకోవచ్చు.

దీని గుంటలు కూడా చెప్పుకోవాలి. చాలా వైఫై చిప్పుల ఫర్మ్‌వేర్ లైసెన్సు కారణంగా ఇన్‌స్టాల్ ఇమేజ్‌లో రాదు, ఎఫ్‌డబ్ల్యూ అప్‌డేట్ దాన్ని నెట్ నుంచి తెస్తుంది. నెట్ కోసం ఫర్మ్‌వేర్, ఫర్మ్‌వేర్ కోసం నెట్! అందుకే మొదటి రోజు కేబులో, ఆండ్రాయిడ్ ఫోన్ యూఎస్‌బీ టెథరింగో సిద్ధంగా ఉండాలి. ఫైల్ సిస్టమ్‌కు జర్నల్, అంటే చేయబోయే మార్పుల చిట్టా, లేదు. బ్యాటరీ అయిపోయి హఠాత్తుగా ఆగితే, మళ్లీ లేచినప్పుడు డిస్కును తనిఖీ చేసే ఎఫ్ఎస్‌సీకే నడుస్తుంది, పెద్ద పార్టిషన్ అయితే చాలాసేపు పడుతుంది. అది తేల్చుకోలేకపోతే సింగిల్ యూజర్ షెల్‌లో దింపుతుంది. అక్కడ ఎఫ్ఎస్‌సీకే హైఫన్ వై కొట్టి రీబూట్ చేయాలి. మైకు, కెమెరా డీఫాల్టుగా మూసి ఉంటాయి. మీటింగులో మీ గొంతు వినబడకపోతే ముందు సిస్‌సీటీఎల్‌లో కెర్న్ డాట్ ఆడియో డాట్ రికార్డ్ విలువ 1 చేసి చూడండి. ర్యామ్ బోలెడు ఉన్నా బ్రౌజర్ ఉన్నట్టుండి పడిపోతుంటే లాగిన్ డాట్ కాన్ఫ్‌లో మీ క్లాసుకు పెట్టిన డేటాసైజ్ పరిమితిని చూడాలి. పెంచాక ఒకసారి లాగౌట్ అయి రావాలి. ఫైర్‌వాల్ పీఎఫ్‌లోనూ, సుడోకు బదులు వాడే డూయాజ్‌లోనూ చివరగా సరిపోయిన నియమమే చెల్లుతుంది. ఐపీటేబుల్స్‌కు అలవాటుపడి పై నియమమే గెలుస్తుందనుకునేవాళ్లు ఇక్కడే బోర్లా పడతారు.

కాగితం మీది పేర్లు ఓపెన్‌బీఎస్‌డీకి సరిపడకపోతే వాయిడ్. లినక్స్ కెర్నలే కనుక డ్రైవర్ల బాధ తక్కువ. జీలిబ్‌సీ, మజిల్ రెండు రకాలుగా దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌కు జీలిబ్‌సీ తీసుకోండి. దీని ఇనిట్ రనిట్. ఈటీసీ ఎస్‌వీ కింద ఒక్కో సర్వీసుకు ఒక డైరెక్టరీ, అందులో రన్ అనే చిన్న షెల్ స్క్రిప్టు. ఆ డైరెక్టరీకి వార్ సర్వీస్‌లో సింబాలిక్ లింకు వేస్తే ఐదు సెకన్లలోపు సర్వీసు లేస్తుంది, రీబూట్ తర్వాతా లేస్తుంది. లింకు తీసేస్తే ఆగుతుంది.

మీరే కొత్త సర్వీసు రాస్తే ఒక్క విషయం మరవకండి: ప్రోగ్రామును ఎగ్జెక్‌తో, ఫోర్‌గ్రౌండ్‌లో నడిపించాలి. చాలా డీమన్లు (తెర వెనక నడిచే సర్వీసు ప్రోగ్రాములు) తమంతట తాము బ్యాక్‌గ్రౌండ్‌కు జారుకుంటాయి. అలా జారుకుంటే రనిట్ అది చచ్చిపోయిందనుకుని మళ్లీ లేపుతుంది. పోర్టు అప్పటికే మొదటిదాని చేతిలో ఉంటుంది కాబట్టి రెండోది పడిపోతుంది, సెకనుకోసారి ఇదే తంతు. ఎస్‌వీ స్టేటస్ కొట్టినప్పుడల్లా వయసు ఒకటి రెండు సెకన్లే చూపిస్తుంటే రోగం ఇదే. ఆ డీమన్ మ్యాన్ పేజీలో ఫోర్‌గ్రౌండ్ ఆప్షన్ ఏమిటో చూసి పెట్టండి.

వాయిడ్‌లో నెట్‌కు డీహెచ్‌సీపీసీడీ, డబ్ల్యూపీఏ సప్లికెంట్ చాలు. సదుపాయం కోసం నెట్‌వర్క్‌మేనేజర్ కూడా పెట్టుకుని, పాత రెండింటి లింకులు తీయడం మరిచిపోతే మీ పాత కథ మళ్లీ మొదలు. ఒకే కార్డుకు ఇద్దరు యజమానులై కనెక్షన్ పది నిమిషాలకోసారి తెగుతుంటుంది.

మీ స్నేహితుడి మాటలో కాస్త నిజం ఉందని ఒప్పుకోవాలి. పెద్ద డిస్ట్రో మీ లైనును చెరిపేసింది నిజమే, కానీ మీకు చెప్పకుండా ఒక డజను మంచి పనులు కూడా చేస్తూ వచ్చింది. సాదా సిస్టమ్‌లో అవి జరగవు, మీరు పెట్టుకుంటే తప్ప. జనం విసిగి వెనక్కి వెళ్లిపోయేది ఇన్‌స్టాల్ కష్టమై కాదు, రెండో నెలలో ఈ కనిపించని పనులు ఒక్కొక్కటే బయటపడి.

వాయిడ్ సంగతే తీసుకుంటే, బేస్ ఇన్‌స్టాల్‌లో లాగ్ రాసే ప్రోగ్రామే ఉండదు. ఏదో చెడింది, కారణం వెతుకుదామంటే లాగ్ డైరెక్టరీలో ఏమీ కనబడదు. మొదటి రోజే సాక్‌లాగ్ వాయిడ్ ప్యాకేజీ పెట్టి, సాక్‌లాగ్ యూనిక్స్, నానోకేలాగ్‌డీ అనే రెండు సర్వీసులకు లింకులు వేయండి. వేళకు పనులు నడిపే క్రాన్ కూడా ఉండదు, క్రోనీ పెట్టాలి. క్రాన్ లేకపోతే ఖాళీ బ్లాకులేవో ఎస్ఎస్‌డీకి చెప్పేందుకు వారంవారం నడవాల్సిన ఎఫ్ఎస్‌ట్రిమ్ నడవదు, డిస్కు నెమ్మదిస్తుంది. డిస్కును లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే, అలౌ డిస్కార్డ్స్ అని చెప్పనిదే ఆ ట్రిమ్ కిందికి దిగదు. చెబితే ఏ బ్లాకులు ఖాళీయో బయటివాళ్లకు తెలుస్తుంది. అది మీకు ఫర్వాలేదో లేదో ఆలోచించుకుని పెట్టండి.

గడియారం సరిచేసే క్రోనీడీ (పేరు కలిసినా పైన చెప్పిన క్రాన్ ప్యాకేజీ కాదు) లాంటిది కూడా మీరే లేపాలి. తేదీ తప్పితే సర్టిఫికెట్లు చెల్లవు, ప్యాకేజీలు దిగవు, తప్పు మాత్రం నెట్‌వర్క్‌ది అనిపిస్తుంది. విండోస్ పక్కనే ఉంటే ఆ హార్డ్‌వేర్ గడియారాన్ని అది స్థానిక సమయంలోనూ, యూనిక్స్ యూటీసీలోనూ చదువుతాయి. రెండింటిలో ఒకదానికి నచ్చజెప్పాలి. ప్రాసెసర్ లోపాలను సరిదిద్దే మైక్రోకోడ్ ఇంటెల్‌దైతే నాన్‌ఫ్రీ రిపాజిటరీ చేర్చాకే దొరుకుతుంది. పెట్టాక ఎక్స్‌బీపీఎస్ రీకాన్ఫిగర్‌తో కెర్నల్ ఇనిట్‌ర్యామ్ ఇమేజ్ మళ్లీ కట్టించాలి. పాత కెర్నళ్లను వాయిడ్ తనంతట తాను తీసేయదు. బూట్ పార్టిషన్ చిన్నదైతే కొన్ని అప్‌డేట్ల తర్వాత నిండిపోయి, కొత్త కెర్నల్ సగంలో ఆగుతుంది. వీకేపర్జ్ కొట్టి పాతవి తీస్తుండాలి. ఇప్పుడు నడుస్తున్నది, దాని ముందుది, రెండుంటే చాలు.

సౌండ్ రాకపోతే మూడు చోట్ల చూడాలి. ఆల్సామిక్సర్‌లో గీత కింద ఎంఎం అని ఉంటే అది మ్యూట్‌లో ఉన్నట్టు. ఎం నొక్కితే విడుతుంది. మొదటి కార్డుగా హెచ్‌డీఎంఐ దొరికి, స్పీకర్లు రెండో కార్డు అయితే ఈటీసీ అసౌండ్ డాట్ కాన్ఫ్‌లో డీఫాల్టు కార్డు మార్చాలి. కార్డే కనబడకపోతే కెర్నల్ మెసేజీల్లో ఎస్ఓఎఫ్ అన్న మాట వెతకండి. ఇటీవలి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లకు సాఫ్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేరుగా పెట్టాలి. వేలాండ్ డెస్క్‌టాప్ లేవనంటూ ఎక్స్‌డీజీ రన్‌టైమ్ డిర్ లేదని అంటే, యూజర్ల లాగిన్‌లను చూసుకునే సిస్టమ్‌డీ లాగిన్‌డీ పనిని ఇక్కడ ఎవరూ చేయడం లేదని అర్థం. డీబస్, ఈలాగిన్‌డీ పెట్టి లింకులు వేస్తే తీరుతుంది. ఫాంట్లు కూడా రావు. తెలుగు పేజీ నిండా డబ్బాలే కనిపిస్తే నోటో ఫాంట్లు పెట్టుకోండి. అయినా నల్లని కన్సోల్ తెరమీద తెలుగు అక్షరాలు కూడవు, అది ఆశించవద్దు.

స్లీప్ సంగతి కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. సిస్ పవర్ కింద మెమ్ స్లీప్ ఫైలును క్యాట్ చేయండి. అందులో డీప్ అనే మాట లేకుండా ఎస్2ఐడిల్ ఒక్కటే ఉంటే, మూత వేసి సంచీలో పెట్టినా మెషిన్ పూర్తిగా నిద్రపోదు, కొన్ని మోడళ్లలో తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. ఇది ఏ డిస్ట్రో మార్చినా మారదు.

ఇక మీ ఒక్కగానొక్క ల్యాప్‌టాప్. దానిమీది సిస్టమ్‌ను ఇప్పుడే తుడిచేయకండి. వర్చువల్ మెషిన్‌లో పెడితే ఇనిట్, ఫైళ్లు నేర్చుకోవచ్చు గానీ వైఫై, సౌండ్, స్లీప్ గురించి అది ఒక్క ముక్క చెప్పదు. అందుకే ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ ఒకటి తీసుకుని దానిమీద పెట్టుకోండి, 64 జీబీ ఉన్నా సరిపోతుంది. సెక్యూర్ బూట్ ఆపాల్సి వస్తుంది. పక్కన బిట్‌లాకర్‌తో డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసిన విండోస్ ఉంటే దాని రికవరీ కీ ముందే రాసి దాచుకోండి, లేకపోతే మరుసటి బూట్‌లో అదడిగినప్పుడు బిక్కమొహం వేయాలి. ఇన్‌స్టాలర్ ఏ డిస్కు అని అడిగినప్పుడు పేరు చూసి కాదు, సైజు చూసి జవాబివ్వండి. ఓపెన్‌బీఎస్‌డీలో ఎన్‌వీఎంఈ డిస్కు కూడా ఎస్‌డీ0 అనే కనిపిస్తుంది, యూఎస్‌బీది ఎస్‌డీ1 కావచ్చు. పేరును నమ్మి ఎంటర్ నొక్కితే ఆఫీసు ఫైళ్లకు నీళ్లొదులుకోవాల్సిందే. ఆ ప్రశ్న దగ్గర క్వశ్చన్ మార్క్ కొడితే వివరాలు చూపిస్తుంది. వాయిడ్‌లో గ్రబ్ బూట్‌లోడర్‌ను ఎక్స్‌టర్నల్ డిస్కుకు వేసేటప్పుడు రిమూవబుల్ ఆప్షన్ ఇవ్వండి. అప్పుడది ఈఎఫ్ఐ బూట్ కింద డీఫాల్టు పేరుతో కూర్చుంటుంది, ఏ మెషిన్‌కు తగిలించినా లేస్తుంది.

ఆఫీసు పని ఆ డిస్కు మీదనుంచి ఆటంకం లేకుండా నడిస్తేనే లోపలి డిస్కుకు తీసుకురండి. ఆఫీసువాళ్ల పర్యవేక్షణ ఏజెంటు మీ ల్యాప్‌టాప్‌లో తప్పనిసరి అయితే ఈ ఆలోచన దానిమీద మానుకోండి. అలాంటప్పుడు మధ్యే మార్గంగా డెబియన్‌ను డెస్క్‌టాప్ ఏదీ ఎంచుకోకుండా, స్టాండర్డ్ యుటిలిటీలతో మాత్రమే పెట్టుకోవడం తప్పేం కాదు. ఈటీసీ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్‌లో ఏ కార్డు పేరు రాస్తే ఆ కార్డును అక్కడి నెట్‌వర్క్‌మేనేజర్ ముట్టుకోదు. మీ బాధలో సగం దానితోనే తీరొచ్చు. సిస్టమ్‌డీ ఉందని ముక్కు విరిచేవాళ్ల మాట వినక్కర్లేదు.

ఏది పెట్టుకున్నా కొన్ని అలవాట్లు మాత్రం మొదటి రోజునుంచే కావాలి. మార్చే ముందు కాపీ తీయడం అందరూ చెప్పేదే. అంతకంటే ముఖ్యం, మార్పు పనిచేసిన రోజే ఒకసారి రీబూట్ చేయడం. కమాండుతో చేసిన మార్పు ర్యామ్‌లో ఉంటుంది, ఫైల్లో రాసింది బూట్‌లో అమలవుతుంది. రెండూ ఒకటేనా అని తేల్చేది రీబూట్ ఒక్కటే. ఇవాళ పొరపాటు బయటపడితే ఏం చేశారో గుర్తుంటుంది. మూడు నెలల తర్వాత కెర్నల్ అప్‌డేట్ కోసం రీబూట్ చేసినప్పుడు పడితే, తప్పు కెర్నల్ మీదికి నెట్టి రెండు రోజులు తిరుగుతారు.

ఫైలును లోడ్ చేసే ముందు దాన్ని తనిఖీ చేసే కమాండ్ దాదాపు ప్రతి ప్రోగ్రాముకూ ఉంది: ఎస్ఎస్‌హెచ్‌డీ హైఫన్ టీ, పీఎఫ్‌సీటీఎల్ హైఫన్ ఎన్ఎఫ్, డూయాజ్ హైఫన్ పెద్ద సీ. లినక్స్‌లో ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్‌కు ఫైండ్‌మౌంట్ వెరిఫై. ఎఫ్‌స్టాబ్‌లో డిస్కులను పేర్లతో కాక యూయూఐడీ అనే మారని గుర్తింపుతో రాయండి, బ్లాక్‌ఐడీ కమాండ్ వాటిని చూపిస్తుంది. పెట్టి తీసే డిస్కులకు నోఫెయిల్ చేర్చండి. లేకపోతే డిస్కు ఇంట్లో మరిచి వచ్చిన రోజు బూట్ మధ్యలో నిలబడిపోతుంది.

మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఈటీసీని పెట్టుకోవడం మంచిదే, కానీ గిట్ ఫైళ్ల యజమానినీ పూర్తి పర్మిషన్లనూ గుర్తుంచుకోదు. పాతదానికి తిప్పినప్పుడు యూజర్ల పాస్‌వర్డు వివరాలుండే షాడో ఫైలు అందరూ చదివేలా తయారు కావచ్చు. ఈటీసీకీపర్ ఆ వివరాలు కూడా పట్టి ఉంచుతుంది. వైఫై పాస్‌వర్డులు, షాడో అందులో ఉంటాయి కనుక ఆ రిపాజిటరీ మెషిన్ దాటి బయటికి పోకూడదు. ఓపెన్‌బీఎస్‌డీలో ఈ పని సగం ముందే జరిగి ఉంటుంది. రాత్రి నడిచే సెక్యూరిటీ స్క్రిప్టు ముఖ్యమైన ఫైళ్లలో ఏం మారిందో పోల్చి రూట్‌కు మెయిల్ పంపుతుంది. అది నడిచేది అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకు. ఆ వేళకు ల్యాప్‌టాప్ ఆపేసి ఉంటే మెయిల్ రాదు. రూట్ క్రాన్‌టాబ్‌లో ఆ వేళను పగటికి మార్చుకోండి.

అప్‌గ్రేడ్ రోజున మీరు మార్చిన ఫైలుకు కొత్త వెర్షన్ వస్తే, ఈ సిస్టమ్‌లు మీదాన్ని ఉంచి కొత్తదాన్ని పక్కన పెడతాయి. స్లాక్‌వేర్‌లో చివర డాట్ న్యూ, వాయిడ్‌లో డాట్ న్యూ తర్వాత వెర్షన్ నంబరు, ఆల్పైన్‌లో ఏపీకే న్యూ, ఆర్చ్‌లో ప్యాక్‌న్యూ. ఓపెన్‌బీఎస్‌డీలో సిస్‌మెర్జ్ ఒక్కో తేడా చూపించి అడుగుతుంది. అప్‌డేట్ ముగియగానే ఈటీసీలో ఈ పేర్లను వెతికి, డిఫ్ చూసి, కలపాల్సింది కలిపి కొత్తదాన్ని తీసేయండి. రెండేళ్లు వదిలేస్తే పాత ఫార్మాట్ ఫైలును కొత్త ప్రోగ్రామ్ చదవలేనంటుంది, అదీ సరిగ్గా పని ఉన్న రోజునే. ఓపెన్‌బీఎస్‌డీలో విడుదలలను దాటేయడం కుదరదు. ఒక్కొక్క మెట్టే సిస్‌అప్‌గ్రేడ్ చేసి, ఆ తర్వాత పీకేజీయాడ్ హైఫన్ యూ కొట్టాలి.

ఇన్‌స్టాల్ చేసిన యూఎస్‌బీని తుడిచేయకుండా సంచీలోనే ఉంచండి. లినక్స్ లేవకపోతే దానితో బూట్ చేసి, లక్స్ ఉంటే ముందు క్రిప్ట్‌సెటప్‌తో తెరిచి, రూట్ పార్టిషన్‌ను ఎంఎన్‌టీ మీద మౌంట్ చేయండి. బూట్, ఈఎఫ్ఐ పార్టిషన్లను వాటి చోట్లలో కలిపి, డెవ్, ప్రాక్, సిస్‌లను బైండ్ మౌంట్ చేసి సీహెచ్‌రూట్ అవ్వాలి, అంటే డిస్కు మీది సిస్టమ్‌లోకి దిగాలి. ఈఎఫ్ఐ పార్టిషన్ కలపడం మరిచి కెర్నల్ మళ్లీ పెట్టి, బాగైందనుకుని రీబూట్ చేసి, అదే తప్పు మళ్లీ చూసేవాళ్లే ఎక్కువ. ఓపెన్‌బీఎస్‌డీ అయితే బూట్ ప్రాంప్ట్ దగ్గర బూట్ హైఫన్ ఎస్ చాలు. రూట్ రీడ్ ఓన్లీగా వస్తుంది కనుక ఎఫ్ఎస్‌సీకే అయ్యాక మౌంట్ హైఫన్ యూడబ్ల్యూ స్లాష్ కొట్టాకే ఏ ఫైలైనా దిద్దగలరు. ఎక్స్‌టర్నల్ డిస్కు మీద పోయేదేమీ లేని ఈ మొదటి వారంలోనే కావాలని ఎఫ్‌స్టాబ్‌లో ఒక తప్పు లైను రాసి, దాన్నుంచి బయటపడి చూడండి.